రష్యా అవ్వ తాత చెప్పిన ఒక్క పేరు

నా చిన్నప్పుడు మేమున్నది ఇల్లు కాదు, ఇంట్లో ఒక ముక్క. ఖతార్‌లో, అల్ ఖోర్‌లో, ఎవరో అరబ్బు పెద్దమనిషి తన పెద్ద సంసారం కోసం కట్టుకున్న విల్లాను ప్లైవుడ్ పలకలతో నిలువుగా, అడ్డంగా కోసి, కోసిన ప్రతి ముక్కకూ ఒక తలుపు బిగించి కంపెనీకి అద్దెకిచ్చారు. మాకు వచ్చిన ముక్కలో ఒకప్పుడు మగవాళ్ళు కూర్చుని ఖావా తాగే పెద్ద గది ఉండేదట. అందుకే మా వంట మూలకు కూడా పైకప్పు మీద పూలచెక్కడాలు ఉండేవి. ఆ రాజుల కప్పు కింద మా అమ్మ రోజూ రాగి సంగటి కెలికేది. ప్లైవుడ్ గోడ ఎంత పలచన అంటే, అవతల ఎవరైనా తుమ్మితే ఇవతల మేము నూరేళ్ళు బతకమని దీవించేవాళ్ళం.

ప్రపంచకప్పు వస్తుందని ఊరంతా తవ్వి పోసిన రోజులవి. మా నాన్న కంపెనీ, కొత్త స్టేడియానికి పోయే రోడ్ల కింద పైపులు వేసేది. కూలీల క్యాంపుల నుంచి సైట్లకు బస్సులు నడిపించడం నాన్న డ్యూటీ. ఆట ఎప్పుడో ఏళ్ళ తరవాత. దుమ్ము మాత్రం ముందే వచ్చేసింది. మా అమ్మ ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కాషాయం అయ్యేది. నాన్నకు సన్యాసం ఇప్పించడానికే ఇన్ని స్టేడియాలు కడుతున్నారని నేను అందరికీ చెప్పేదాన్ని. నాకు అప్పటికే అంత నోరు.

ప్లైవుడ్‌కు అవతలి ముక్కలో రష్యా అవ్వ ఉండేది. ఆమె కొడుకు అదే కంపెనీలో క్రేన్ల ఇంజనీరు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. అవ్వ తన ఊళ్ళో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన పంతులమ్మ. ఇక్కడ ఎవరూ దొరక్క నన్ను పట్టుకుంది. ఆమె నాతో మాట్లాడింది ఇంగ్లీషులోనే. కానీ ఆ మాటలు ఇన్నేళ్ళు నా నోట్లో నాని నాని, ఇప్పుడు నా జ్ఞాపకంలో అవ్వ అచ్చం మా కడప మాటే మాట్లాడుతుంది. ఏం చేస్తాం, అలాగే చెబుతాను.

అవ్వ గది మూలలో ఎత్తుగా ఒక చిన్న బల్ల, దాని మీద దేవుని పటాలు, ముందు ఎర్రగాజు గిన్నెలో నూనె దీపం. ఆ పటాల్లో ఒక గడ్డపు పెద్దాయన, తల చుట్టూ బంగారు చక్రం. అదే పెద్దాయన ఎదురు గోడ మీద నలుపు తెలుపు ఫొటోలో కూడా ఉండేవాడు. అందులో చక్రం లేదు. పెదవి ఒక మూల మాత్రం కాస్త పైకి లేచి ఉండేది, జోకు చెప్పబోయి ఆగినట్టు.

మా అమ్మ మొదటిసారి ఆ గదికి పోయినప్పుడు, ఫొటోలో ఉన్నది అవ్వ తాత అని, ఆయన పోయి చాలా కాలమైందని తెలుసుకుంది. అంతే, వచ్చే అమావాస్యకు కడప మనిషి చేయాల్సిన పని చేసింది. ప్లాస్టిక్ పూలదండ కొని తెచ్చి ఫొటోకు వేసి, కుంకుమ బొట్టు పెట్టింది. ఆ తరవాత తలెత్తి దేవుని మూలలో అదే మొహాన్ని చూసి ఉలిక్కిపడింది. చనిపోయినవాళ్ళను దేవుళ్ళ పక్కన పెడితే ఇంటికి మంచిది కాదని, బల్ల మీది పటాన్ని తీసి ఫొటో పక్కకు మార్చబోయింది. అవ్వ అడ్డుపడింది. మధ్యలో నేను, ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసే కూలీని.

అవ్వ చెప్పింది ఇది. వాళ్ళ తాత పల్లెటూరి ఆర్థడాక్స్ గుడిలో పూజారి. దేవుడు లేడని చెప్పే ప్రభుత్వం వచ్చి, గుడి గంటలు దింపించి, చివరికి ఆయన్ని చంపేసింది. ఎన్నో ఏళ్ళు ఇంటివాళ్ళు ఆయన ఆత్మ కోసం ప్రార్థన చేయించి, గోధుమలు ఉడకబెట్టి తేనె కలిపి పంచేవాళ్ళు. ఆ ప్రభుత్వం కూడా పోయాక, వాళ్ళ మతపెద్దలు కూర్చుని ఆయన్ని పుణ్యపురుషుల్లో చేర్చారు. ఆ రోజు నుంచి ఆయన కోసం వీళ్ళు ప్రార్థించే పని లేదు. వీళ్ళ కోసం ఆయనే దేవుణ్ణి అడగాలి.

మా అమ్మ కాసేపు ఆలోచించి, "అంటే తద్దినం ఎత్తేసినారన్నమాట. మేలే, వంట తప్పింది" అంది.

నేను అది కూడా ఇంగ్లీషులో చెప్పేశాను. అవ్వ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తరవాత మెల్లగా, ఆ రోజు గుడిలో అందరూ పాటలు పాడుతుంటే తన తల్లి మాత్రం ఏడ్చిందని చెప్పింది. తండ్రి కోసం ఆమె చేయగలిగిన పని అదొక్కటే ఉండేదట. దాన్ని కూడా తీసేసుకున్నారని. మా అమ్మ పటం మీంచి చెయ్యి తీసేసింది. పటం తన చోటే ఉంది. ఫొటోకు దండ కూడా ఉంది. తీయబోతే అవ్వే ఒప్పుకోలేదు.

శుక్రవారం సెలవు. క్యాంపు నుంచి కొందరు తెలుగువాళ్ళు మా ఇంటికి అన్నానికి వచ్చేవాళ్ళు. ఎక్కువ మంది జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్ళు. వాళ్ళలో ఒకాయన్ను నేను వాళ్ళ మాటలోనే కాక అని, అంటే బాబాయని, పిలిచేదాన్ని. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేయడం నాకు నేర్పింది ఆయనే. పెళ్ళాం కడుపుతో ఉండగా వచ్చేసి, పుట్టిన కొడుకును ఫోన్లో తప్ప చూడని మనిషి. లీవు దగ్గర పడుతోందని, కొడుకు కోసం కొన్న చిన్న బూట్లు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. నేను మాట్లాడుతూనే ఉంటే, "బిడ్డా, మీ అమ్మ నీ నోట్లె రేడియో వెట్టి కన్నదా? బంద్ చేసే బటన్ ఏడున్నదో జర చెప్పరాదు" అనేవాడు.

అంతకు ముందు ఆ శుక్రవారాల్లో ఇంకొకాయన కూడా వచ్చేవాడు. గోదావరి వైపు మనిషి. ఆయనా కూలీగానే వచ్చి, మా ఫ్రిజ్‌కు వీపు ఆనించి కూర్చుని సంగటి తిన్నవాడే. ఒక ఎండాకాలం బస్సులో తాగే నీళ్ళు పెట్టలేదని తాను టైరు ముందు పడుకున్న కథ వారం వారం చెప్పేవాడు. "నీళ్ళెక్కితేనే నేనెక్కుతానని పడుకున్నానండీ, ఆయ్!" అని తొడ చరిచేవాడు. తరవాత ఆయన క్యాంపు ఇన్‌ఛార్జి అయ్యాడు. మెడలో ట్యాగు వచ్చింది. శుక్రవారాలు రావడం మానేశాడు.

ఆ ఏడాది ఎండలు ముదిరాక ఒక బస్సులో ఏసీ చచ్చిపోయింది. నాన్న పైవాళ్ళకు చెబుతూనే ఉన్నాడు; వాళ్ళు చూస్తాం అంటూనే ఉన్నారు. కిటికీలు తెరుచుకోని బస్సు అది. ఒకాయన సైటుకు చేరేలోపే సీట్లో వాలిపోయాడు. ఆ శుక్రవారం మా ఇంట్లో అన్నాలయ్యాక కాక చేయి కడుక్కుని, అందరి వైపు చూసి, "రేపు ఎవ్వలం ఎక్కద్దు. మంచిగ చేసేదాక ఎక్కద్దు. ఏమంటరు?" అన్నాడు. అప్పుడు నేను మజ్జిగ గ్లాసులు అందిస్తున్నాను. అందరూ తలలు ఊపారు.

మర్నాడు పొద్దున బస్సు నిలబడింది, మనుషులు ఎక్కలేదు. మధ్యాహ్నానికల్లా కంపెనీ వెతుకులాట మొదలుపెట్టింది. మొదలెట్టింది ఎవరో చెబితే చాలు, మిగతావాళ్ళను వదిలేస్తామన్నారట. మొదలెట్టినవాణ్ణి ఏం చేస్తారో ఎవరికీ సరిగ్గా తెలియదు. పోలీసులకు పట్టిస్తారని ఒకరు, లోపల ఎన్నాళ్ళుంచుతారో దేవుడికే ఎరుక అని ఇంకొకరు. శుక్రవారం అందరూ మా ఇంట్లోనే కలుస్తారని ఎవరో ఊదారు. క్యాంపు ఇన్‌ఛార్జి సాయంత్రం మా ఇంటికి వస్తున్నాడని నాన్నకు ఫోను వచ్చింది.

ఆ శుక్రవారం సెలవైనా డ్యూటీకి పోయానని నాన్న చెప్పొచ్చు, అది నిజమే. అమ్మ వంట దగ్గర ఉన్నానని చెప్పొచ్చు, అదీ కొంత నిజమే. మిగిలింది నేను. అడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది అని వీధంతా తెలిసిన పిల్లను. మా అమ్మ నా భుజాలు పట్టుకుని, "మే పాపా, కాక పేరు నీ నోట్లో నుంచి వచ్చిందంటే ఆ మనిషి కొడుకును చూడడు. అర్థమైందా? పో, అవ్వ దగ్గర కూర్చో. పిలిచినా రావద్దు" అని నన్ను గోడ అవతలికి తోసింది.

భయమేస్తే ఊరుకునే పిల్లలుంటారు. నాకు భయమేస్తే జోకులు వస్తాయి. అవ్వ గదిలో కూర్చుని ఏవేవో పేలుతూనే ఉన్నాను. అవ్వ వింటూ వింటూ ఫొటో వైపు చూసి, "మా తాతకూ ఇదే రోగం" అంది.

ఆ తాత ఊరికి పెద్ద వేళాకోళం మనిషట. పెళ్ళిలో ఉంగరం మార్చేటప్పుడు, పారిపోవాలంటే ఇప్పుడే పారిపో అని పెళ్ళికొడుకు చెవిలో చెప్పేవాడట. గుడి మూసేశాక, పిల్లలకు బాప్తిజం ఇవ్వకూడదని ప్రభుత్వం చెప్పింది. ఆయన ఇవ్వడం మానలేదు. బట్టలుతికే చెక్కతొట్టిలో నీళ్ళు పోసి, పశువుల పాకలో, తల్లులు కావలి కాస్తుంటే, పిల్లల్ని మూడుసార్లు ముంచి లేపేవాడు. ఒకరోజు ఆయన్ని పట్టుకుపోయారు. అడిగింది ఒక్కటే. ఎవరి పిల్లల్ని ముంచావు? పేర్లు చెప్పు. చెబితే నువ్వు ఇంటికి పోవచ్చు. చెప్పిన ప్రతి పేరుకూ ఒక ఇల్లు ఖాళీ అవుతుందని ఆయనకు తెలుసు.

అడుగుతున్న కుర్ర అధికారిది అదే ఊరు. తాత ఆ కుర్రాడితో, మీ అమ్మకు దగ్గు తగ్గిందా నాయనా అని ముందు అడిగాడట. తరవాత, సరే రాసుకో అన్నాడట. కుర్రాడు కలం తీశాడు. తాత ఆ కుర్రాడి పేరే చెప్పాడు. ఇంటిపేరుతో సహా. చలికాలంలో పుట్టావు, నీళ్ళు వెచ్చచేయించాను, అయినా నా అంగీ మీద పోసేశావు, అది కూడా రాసుకో అన్నాడు. ఆ తరవాత నెలల తరబడి అడిగినా రెండో పేరు చెప్పలేదు. ఆకులు రాలే కాలంలో అడవిలోకి తీసుకుపోయి కాల్చేశారు.

నాకు కోపం వచ్చింది. "అయితే జోకు పని చేయలేదు కదా అవ్వా!"

"ఎందుకు చేయలే? ఆ తొట్లో మునిగిన పిల్లోళ్ళు ఒక్కరూ దొరకలే. అందరూ పెద్దోళ్ళయినారు, ముసిలోళ్ళయినారు. జోకు ఆయన్ని కాపాడేదానికి కాదు పాపా."

గదిలో ఇద్దరే ఉన్నప్పుడు జరిగింది నీకెలా తెలుసని అడిగాను. నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. అవ్వ దీపం వత్తి సరిచేస్తూ చెప్పింది. తాతను పుణ్యపురుషుల్లో చేర్చిన రోజు, గుడిలో అందరికంటే వెనక, కర్ర పట్టుకుని ఒక పండు ముసలాయన నిలబడ్డాడట. అంతా అయ్యాక అవ్వ తల్లి దగ్గరికి వచ్చి, ఆ గదిలో జరిగిందంతా చెప్పి, ఆ పేరు నాదే తల్లీ అన్నాడట. గోడ మీది ఫొటో కూడా జైల్లో వాళ్ళు తీసిందే. బంగారు చక్రం వేసిన చిత్రకారుడు దాన్ని చూసే పటం గీశాడు. "అన్నీ సరిగ్గా గీసినాడు కానీ, మా తాత నవ్వును మింగేసినాడు" అని అవ్వకు చిత్రకారుడి మీద అప్పటికీ కోపమే.

అప్పుడే గోడ అవతల మా తలుపు చప్పుడైంది.

ప్లైవుడ్‌కు చెవి ఆనించాల్సిన పని కూడా లేదు. ఇన్‌ఛార్జితో ఇంకొకరు వచ్చారు, కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. ఆయనకు తెలుగు రాదు, హిందీ మాట్లాడతాడు. మా అమ్మ నీళ్ళిచ్చిన గ్లాసుల చప్పుడు వినబడింది. నాన్న డ్యూటీ అన్నాడు. అమ్మ వంట అంది. తరవాత ఇన్‌ఛార్జి, "పాప ఏదక్కా? దాన్నోసారి పిలవండి. అదైతే అబద్ధమాడదు" అన్నాడు. ఇంట్లో లేదని అమ్మ అంది. ఇన్‌ఛార్జి మా విల్లాను నాలుగేళ్ళు ఎరిగినవాడు. గోడ వైపు తిరిగి నా ముద్దుపేరుతో పిలిచాడు.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. పొమ్మనలేదు, వద్దనలేదు. రెండోసారి పిలిచాడు. ఈసారి హిందీ ఆయన లేచి అవ్వ తలుపు వైపు నడుస్తున్న బూట్ల చప్పుడు. అవ్వను ఇందులోకి లాగకూడదనిపించింది. చెయ్యి విడిపించుకుని నేనే పోయాను.

మా అమ్మ మొహం చూడలేకపోయాను. నాన్న నేల చూస్తున్నాడు. ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చుని, ముందుకు వంగి, ఎప్పటిలాగే నవ్వుతూ, "ఏమ్మా బుజ్జీ, అన్నం తిన్నావా? భయం లేదమ్మా. ఒక్క మాట చెప్పు చాలు. శుక్రవారం ఇక్కడ కూర్చుని, బస్సెక్కనని చెప్పిందెవరు?" అన్నాడు.

నాలుక చివర కాక పేరు ఉంది. నిజంగా ఉంది, దాని బరువు కూడా తెలుస్తోంది. దాన్ని మింగాలంటే ఇంకేదో నోట్లోంచి బయటికి రావాలి. నా నోరు ఖాళీగా ఉండలేని నోరు.

"మీరే కదా అంకుల్" అన్నాను.

"అదిగో, ఆ ఫ్రిజ్‌కు ఆనుకుని కూర్చుని చెప్పారు. నీళ్ళెక్కితేనే నేనెక్కుతానని టైరు ముందు పడుకున్నానన్నారు. ఆయ్ అని కూడా అన్నారు. శుక్రవారమే. అమ్మ ఆ రోజు మీకు రెండు ముద్దలు ఎక్కువ వేసింది."

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కానీ దాని వెనక మనిషి లేడు. హిందీ ఆయనకు పిల్ల ఏదో చెప్పిందని అర్థమైంది. "క్యా బోలీ? నామ్ బోలీ క్యా?" అని, పేరేమైనా చెప్పిందా అన్నట్టు అడిగాడు.

ఇన్‌ఛార్జి నన్ను చూశాడు. ఫ్రిజ్‌ను చూశాడు. ఆ తెల్ల తలుపు మీద ఒకచోట, ఆయన తల ఆనీ ఆనీ నూనె మరక ఉండేది. అమ్మ ఎంత తోమినా పోలేదు.

"కుచ్ నహీ సాబ్. బచ్చీ హై. ఇస్‌కో కుచ్ మాలూమ్ నహీ." చిన్నపిల్ల, దానికేమీ తెలియదని.

అంతే. గ్లాసులో నీళ్ళు చివరిదాకా తాగి, లేచి, గుమ్మం దగ్గర ఆగి, ఎటూ చూడకుండా "వస్తానక్కా" అన్నాడు. వాళ్ళు పోయాక మా అమ్మ నన్ను కొట్టిందో కౌగిలించుకుందో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ ఒకేసారి జరిగాయి.

నేను పరుగున అవ్వ దగ్గరికి పోయి, మీ తాతలాగే దెబ్బ కొట్టానని గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"అడిగేదానికి ముందే నీళ్ళిచ్చినారా ఆయనకు?"

"అమ్మ ఇచ్చింది."

"అయితే సరే" అని అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తాత ఆ కుర్రాడి పేరు చెప్పింది వెక్కిరించడానికి కాదని, నేను ముంచి లేపిన పిల్లలందరిలో నువ్వూ ఒకడివే, నిన్ను కూడా లెక్కలోంచి తీసేయలేదని చెప్పడానికని అంది. అది అప్పుడు నాకు సగమే ఎక్కింది. దెబ్బ కొట్టానన్న సంబరంలో ఉన్నదాన్ని మరి.

దెబ్బ మాకూ తగిలింది. కాక పేరు బయటికి రాలేదు. ఆయన లీవు మీద ఇంటికి పోయి, బూట్లు కొడుకు కాళ్ళకు సరిపోక, వాటిని పట్టుకుని ఆ పిల్లోడు ఏడుస్తున్న ఫొటో పంపాడు. బస్సు ఏసీ బాగైంది. నా జోకుకు భయపడి కాదు, ఎవరో పెద్ద ఆఫీసరు సైటు చూడడానికి వస్తున్నాడని. కానీ నాన్న కాంట్రాక్టు గడువు తీరాక కంపెనీ దాన్ని పొడిగించలేదు. కారణం అడిగితే కారణమేమీ లేదన్నారు. ప్రొద్దుటూరు వచ్చేశాం. అమ్మ టిఫిన్ బండి పెట్టింది, పచ్చడి రుబ్బడానికి నేను కూర్చున్నాను. నా చదువు ఆ రుబ్బురోలు దగ్గర ఆగింది. నాన్న ఒక్కసారి కూడా, ఆ పేరు చెప్పి ఉంటే అనలేదు.

అల్ ఖోర్‌లో మా చివరి శుక్రవారం, సామానంతా కట్టేసి, అమ్మ సంగటి ఒక్కటే చేసింది. గుమ్మం ముందు క్యాంపువాళ్ళ చెప్పుల వరస. వాటి చివర, మిగతావాటికి కాస్త దూరంగా, పాలిష్ చేసిన నల్లబూట్ల జత. లోపల ఇన్‌ఛార్జి ఫ్రిజ్‌కు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. మెడలో ట్యాగు లేదు. అమ్మ ఆయన పళ్ళెంలో రెండు ముద్దలు ఎక్కువ వేసింది. గోడ అవతల నుంచి అవ్వ కూడా వచ్చి, ఉడికించిన గోధుమలూ తేనె గిన్నె నిండా తెచ్చి మధ్యలో పెట్టింది. ఇది చనిపోయినవాళ్ళకు పెట్టేది కదా అవ్వా అన్నాను. "మాకు ఆకలైనప్పుడు కూడా తింటాం లే" అంది. ఆ నవ్వు ఎక్కడిదో నాకు తెలుసు. పెదవి ఒక మూలే పైకి లేచింది.

ఇప్పుడు ఆ బండి నాది, జుట్టు అప్పుడే అక్కడక్కడా నెరిసింది, నోరు మాత్రం నెరవలేదు. వీధిలో ఏ గొడవైనా, ఎవరు చేశారో చెప్పమని మొదట నా దగ్గరికే వస్తారు. యూనిఫాంలో వచ్చినవాళ్ళు, ఖద్దరులో వచ్చినవాళ్ళు, ఊరికే కోపంతో వచ్చినవాళ్ళు. నేను గ్లాసు కడిగి ముందు నీళ్ళిస్తాను. తాగేదాకా ఆగుతాను. ఇంట్లో అమ్మకు ఎలా ఉందని అడుగుతాను. తరవాత, "రాసుకో నాయనా" అని, వచ్చినవాడి పేరే మొదట చెబుతాను. చాలామంది నవ్వేసి పోతారు. కొందరు కోప్పడతారు. ఎప్పుడో ఒకసారి, గ్లాసు చేతిలో పట్టుకుని, ఫ్రిజ్‌ను చూసినట్టు దేన్నో చూస్తూ నిలబడేవాడు కూడా ఉంటాడు. వాడికి ఇంకో ఇడ్లీ వేస్తాను.